మెతుకు కథ: మన కంచం, మన రక్తంలో చక్కెర

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ)

వార్షికోత్సవ సంచికలో కవితలు, జోకులు, సామెతలు ఎలాగూ ఉంటాయి. పరీక్షకూ, ఇంటికీ పనికివచ్చే పాఠం ఒకటి ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాము. మనం తిన్న అన్నం ఒంట్లోకి వెళ్ళి ఏమవుతుంది? అదే అన్నం కొందరికి బలంగా, కొందరికి చక్కెర వ్యాధిగా ఎందుకు మారుతుంది? ఇదే ఈ పాఠం.

మన ఊరి పేరులోనే మెతుకు ఉంది. మెతుకుదుర్గం, మెతుకుసీమ అన్న పేర్లే మెదక్‌గా మారాయని పెద్దలు చెబుతారు. 1905లో మంజీర మీద ఘనపురం ఆనకట్ట కట్టారు. ఫతేనహర్, మహబూబ్‌నహర్ కాలువల కింద వరి పండింది. అయినా కరువులు పోలేదు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మన పెద్ద చర్చిని కరువు రోజుల్లో పని చూపించి, తిండి పెట్టి కట్టించారని ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారు. మన తాత ముత్తాతలు మెతుకు కోసం రాళ్ళు మోసినవారు. ఇప్పుడు వారి మునిమనుమల ఇండ్లలో అన్నానికి అంత కరువు లేదు. కాని ఏ వాడకు పోయినా షుగరు గోళీలు వేసుకునేవారు కనిపిస్తున్నారు. వారిలో లావుగా ఉన్నవారే కాదు, ఎండలో కూలి చేసే సన్నటి మనుషులూ ఉన్నారు. ఈ మార్పు ఎందుకు వచ్చిందో తెలియాలంటే మొదట మెతుకు వెంట నడవాలి.

1. మెతుకు గ్లూకోజు ఎట్లా అవుతుంది?

అన్నంలో ఎక్కువ భాగం పిండిపదార్థం. పిండిపదార్థం అంటే వేల గ్లూకోజు అణువులు దండలా గుచ్చుకుని ఉండటం. నోట్లో లాలాజలంలోని అమైలేజ్ ఈ దండను తెంపడం మొదలుపెడుతుంది. చిన్న ప్రేగులో ఆ పని పూర్తవుతుంది. విడిపోయిన గ్లూకోజు రక్తంలో కలిసి మొదట కాలేయానికి చేరుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 90 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందనుకుంటే, మొత్తం రక్తంలో ఉన్నది నాలుగున్నర గ్రాములు. అంటే ఒక చెంచా చక్కెర! ఇప్పుడు మన కంచం చూడండి. ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వండుకుని తింటే అందులో పిండిపదార్థం దాదాపు 115 గ్రాములు. రక్తంలో ఉన్న దానికి ఇరవై అయిదు రెట్లు. ఇంత వరద వచ్చి పడినా రక్తంలో మట్టం కొద్దిగా పెరిగి, రెండు మూడు గంటల్లో మళ్ళీ పాత చోటికి రావాలి. ఆరోగ్యమైన ఒళ్ళు రోజూ ఈ పని చేస్తూనే ఉంటుంది. చెరువుకు తూములు ఉన్నట్టు గ్లూకోజుకూ తూములు ఉండబట్టి ఇది సాధ్యం.

2. తూము తెరిచేది ఇన్సులిన్

కడుపులో జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉంది. అందులోని బీటా కణాలు రక్తంలో గ్లూకోజు పెరగగానే ఇన్సులిన్ హార్మోనును వదులుతాయి. ఇన్సులిన్ వచ్చి కండరాల కణాలకు, కొవ్వు కణాలకు తలుపు తీయమని చెబుతుంది. గ్లూకోజు లోపలికి పోతుంది. కాలేయం, కండరాలు కొంత గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ఇంకా మిగిలితే అది కొవ్వు అవుతుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కాలేయం తన దగ్గర దాచిన గ్లూకోజును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. మెదడుకు ఒక్క రోజుకే సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. పరీక్షల ముందు టిఫిన్ మానేసి చదివే తమ్ముళ్ళు ఈ సంఖ్య గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఏర్పాటు రెండు రకాలుగా చెడుతుంది. బీటా కణాలే నశించి ఇన్సులిన్ తయారు కాకపోతే అది మొదటి రకం మధుమేహం. ఇది ఎక్కువగా చిన్న వయసులో వస్తుంది, ఇన్సులిన్ ఇంజక్షన్ తప్పనిసరి. ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట వినకపోవడం, క్లోమం ఎక్కువ పని చేసి చేసి అలసిపోవడం రెండో రకం. మన ఇండ్లలో పెద్దలకు ఉన్నది ఎక్కువగా ఇదే. కణాలు మాట వినకపోవడాన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు.

3. గ్లూకోజు కాలాలంటే తోడు కావాలి

కణంలోకి పోయిన గ్లూకోజు విరిగి శక్తి ఇస్తుంది. ఆ శక్తి ఏటీపీ అనే అణువులో నిల్వ అవుతుంది. ఈ ఏటీపీ చరిత్రలో మన తెలుగువాడి పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1920లలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని కనుగొన్నారు. పేదరికంలో చదువుకున్న ఆయన పేరు మన సంచికలో ఉండటం న్యాయం.

గ్లూకోజు మధ్యదారిలో పైరువేట్ అవుతుంది. అక్కడి నుంచి పూర్తిగా కాలడానికి థయమిన్ అనే బి1 విటమిన్ కావాలి. పొయ్యి నిండా కట్టెలు పెట్టినా గాలి ఊదకపోతే పొగే వస్తుంది కదా! అలాగే అన్నం ఎంత తిన్నా థయమిన్ లేకపోతే శక్తి రాదు. థయమిన్ ఎక్కువగా తవుడులో ఉంటుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడు పోతుంది. ఆ బియ్యాన్ని మళ్ళీ మళ్ళీ కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్తా పోతుంది. ఒకప్పుడు కోస్తా ఆంధ్రలో కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె బలహీనమయ్యే బెరిబెరి ఇందుకే ఉండేది. 1918లో కూనూరులో డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనకు ఒక చిన్న కేంద్రం మొదలుపెట్టారు. అదే పెరిగి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో మనకు కనిపించే సంస్థ అదే. వడ్లను ఉడకబెట్టి దంచిన ఉప్పుడు బియ్యంలో మాత్రం థయమిన్ గింజ లోపలికి దిగుతుంది కనుక అంతగా పోదు.

మెగ్నీషియం కూడా ఇలాంటి తోడే. ఏటీపీతో పని చేసే ఎంజైములకు అది కావాలి. ఆకుకూరలు, పల్లీలు, పప్పులు, తైదలు, జొన్నలలో అది ఉంటుంది. కాబట్టి ‘అన్నం తింటే చాలు, కూర ఎంత ఉంటే ఏమిటి’ అనడం శాస్త్రానికి నిలవదు.

4. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళు చెప్పిన పాఠం

పుస్తకంలోని సూత్రం ఊళ్ళో నిజమవుతుందా? ఈ ప్రశ్నకు మన దగ్గరే జరిగిన పరిశోధన ఒకటి ఉంది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్ళలో ఒక అధ్యయనం చేసింది. 15 ఊళ్ళలో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. అది ఏ ఖరీదైన టానిక్కూ కాదు. మక్క, సోయా కలిపిన పిండితో నూనె వేసి వండిన ఉప్మా! మిగతా 14 ఊళ్ళకు ఆ పథకం అప్పటికి రాలేదు.

ఆ పిల్లలు పెరిగారు. 2003–05 మధ్య వారికి 13 నుంచి 18 ఏళ్ళ వయసు ఉన్నప్పుడు 1,165 మందిని శాస్త్రవేత్తలు మళ్ళీ పరీక్షించారు. ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. అంతకంటే ముఖ్యం, వారిలో ఇన్సులిన్ నిరోధకత సూచిక 20 శాతం తక్కువ ఉంది. రక్తనాళాలు కూడా మెత్తగా ఉన్నాయి. ఊళ్ళను లాటరీ వేసి ఎంచలేదు కనుక ఈ ఒక్క పరిశోధనతోనే అంతా తేలిపోయిందనలేము. కాని తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో దొరికిన పిడికెడు మంచి తిండి పదిహేనేళ్ళ తరువాత రక్తంలో లెక్కకు వచ్చిందని అది చూపింది.

తమ్ముళ్ళారా, ఇందులో ఉన్నది మన కథే. మనలో చాలామంది అమ్మలు మనల్ని కడుపులో మోస్తూ నాట్లు వేశారు, కలుపు తీశారు. మనం హాస్టల్‌కు వచ్చేసరికే మన ఒంటి లెక్క సగం రాసి ఉంది. మిగతా సగం రాయడం మన చేతిలో ఉంది.

5. సన్నటి మనిషికి షుగరు ఎందుకు?

పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డలను కొలిచింది. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్ బిడ్డల బరువు 3.5 కిలోలు. మన బిడ్డల్లో తగ్గినది ఎక్కువగా కండ. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే చూడటానికి సన్నం, లోపల కొవ్వు పాలు ఎక్కువ. అన్నం తిన్న తరువాత వచ్చే గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని తీసుకోవలసింది కండరాలే. కండ తక్కువైతే తూము చిన్నదైనట్టే. చిన్న తూముకు పెద్ద వరద వస్తే చెరువు కట్ట మీద ఒత్తిడి పడుతుంది.

పొద్దంతా నాగలి పట్టి, నీళ్ళు తోడి, నడిచి బతికిన రోజుల్లో ఆ కండ పని చేసేది. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, బోరు వచ్చింది, ఆటో వచ్చింది. తిండి పెరిగింది, నడక తగ్గింది. అందుకే మన వారికి బరువు లెక్క కూడా వేరు. మనకు బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త పడాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాల ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. ఇది ఇప్పుడు ధనవంతుల జబ్బు కాదు.

6. జొన్న పోయింది, పప్పు పలచబడింది

మన ప్రాంతపు పాత తిండి జొన్నరొట్టె, గట్క, అంబలి, తైదలు, అనుములు, బొబ్బెర్లు, పుంటికూర, గంగవాయిలికూర. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలితో ఉన్న ఇంటికి అది వరం, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. మేము హాస్టల్‌లో ఉన్నప్పుడే, 2015 జనవరిలో సన్నబియ్యం వచ్చింది. దొడ్డు అన్నం కంటే సన్నన్నం బాగుందని అందరం సంతోషించాము. కాని తెల్లబియ్యం పెరిగినకొద్దీ కంచంలో మిగతావి తగ్గిపోయాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల విత్తనాలను కాపాడాయి. అవి చాలావరకు పేద దళిత మహిళల సంఘాలు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

పోషకాహార సంస్థ 2017 పట్టికల నుంచి కొన్ని అంకెలు. ప్రతి 100 గ్రాములకు:

పాలిష్ బియ్యం: ప్రొటీన్ 8 గ్రాములు, పీచు 3 గ్రాములు
జొన్నలు: ప్రొటీన్ 10 గ్రాములు, పీచు 10 గ్రాములు
తైదలు: ప్రొటీన్ 7 గ్రాములు, పీచు 11 గ్రాములు
కందిపప్పు: ప్రొటీన్ 22 గ్రాములు, పీచు 9 గ్రాములు

పీచు, ప్రొటీన్ ఉంటే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజు ఒక్కసారిగా కాక మెల్లగా రక్తంలోకి వస్తుంది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. 2025లో వచ్చిన వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సగటున 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా బియ్యానికి బదులు గోధుమపిండి, చిరుధాన్యాల పిండి వాడినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. ఆ పిండిలో కొంత తగ్గించి పప్పు, పాల ప్రొటీన్ పెంచితే ముప్పు తక్కువగా కనబడింది. కనుక నాలుగు రొట్టెలు తిని పప్పు మానేస్తే లాభం లేదు. 2024లో పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లోనూ ధాన్యాల వాటా 45 శాతం మించవద్దని ఉంది.

ఇక్కడే హాస్టల్ ప్రశ్న వస్తుంది. 2024 డిసెంబరు 14న రాష్ట్రంలోని హాస్టళ్ళు, గురుకులాల్లో కామన్ డైట్ మెనూ ప్రారంభమైంది. డైట్ చార్జీలు 40 శాతం పెరిగి 8 నుంచి 10 తరగతుల వారికి నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలయ్యాయి. పెరిగిన రూపాయి కంచంలో పప్పుగా, గుడ్డుగా, కూరగా కనబడాలి. పప్పు నీళ్ళలా ఉంటే పిల్లలు రుచి కోసం అలుగుతున్నారని కొందరు అనుకుంటారు. అది రుచి సంగతి కాదు. కండ సంగతి, ఇరవై ఏళ్ళ తరువాతి షుగరు సంగతి. గుడ్డు ఎన్నిసార్లు పెట్టారు, పప్పు ఎంత చిక్కగా ఉంది అని మెస్ కమిటీ పిల్లలు మర్యాదగా, లెక్కగా అడగాలి. అడగడం మన హక్కు.

7. రిపోర్టు చదవడం నేర్చుకుందాం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మా నాయనకు పరీక్ష చేయిస్తే కాగితం తెచ్చి మా చేతిలోనే పెట్టారు. మీ ఇంట్లోనూ ఆ కాగితం రేపు మీ చేతికే వస్తుంది. అందుకే ఈ అంకెలు నోటికి రావాలి.

పరగడుపున: 100 లోపు మామూలు, 100–125 అంచు, 126 ఆపైన మధుమేహం.
75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు: 140 లోపు మామూలు, 140–199 అంచు, 200 ఆపైన మధుమేహం.
మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ): 5.7 లోపు మామూలు, 5.7–6.4 అంచు, 6.5 ఆపైన మధుమేహం.

లక్షణాలు లేకపోతే ఒక్కసారి అంకె చూసి తీర్మానించరు, మళ్ళీ పరీక్షించి ఖాయం చేస్తారు. రక్తహీనత ఉన్నవారిలో మూడు నెలల సగటు తప్పుగా చూపవచ్చు కనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. 30 ఏళ్ళు దాటినవారికి షుగరు, బీపీ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ‘అంచు’ అని వస్తే భయపడవద్దు. తిండి, నడకతో వెనక్కి రాగలిగిన చోటు అదే.

8. సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: తీపి తింటేనే షుగరు వస్తుందా?
జవాబు: కాదు. మొత్తం తిండి, కండ, నడక, వంశం అన్నీ కలిసి తెస్తాయి. కాని 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 30 గ్రాములు, అంటే ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. పీచు లేదు, ప్రొటీన్ లేదు. దాహానికి నీళ్ళు, మజ్జిగ మేలు.

ప్రశ్న: చక్కెరకు బదులు బెల్లం వాడవచ్చా?
జవాబు: రక్తంలో గ్లూకోజు పెంచడంలో రెండూ ఒకటే.

ప్రశ్న: అన్నం పూర్తిగా మానేయాలా?
జవాబు: అవసరం లేదు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాలి. ముందు కూర, పప్పు, గుడ్డు తిని చివర అన్నం తింటే గ్లూకోజు తక్కువగా పెరుగుతుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజును లాక్కుంటాయి. చదువుకునే వయసు పిల్లలు మాత్రం పూట మానకూడదు, కడుపు మాడ్చకూడదు.

ప్రశ్న: మెంతులు, కాకర రసం తాగితే గోళీలు మానవచ్చా?
జవాబు: మెంతుల్లోని పీచు మేలు చేస్తుందని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లోనే చూపారు. అది తిండిలో భాగం, మందుకు బదులు కాదు. డాక్టరు చెప్పకుండా గోళీ గానీ ఇన్సులిన్ గానీ మానితే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: మాంసం, పాలు కొనలేని ఇంట్లో ప్రొటీన్ ఎట్లా?
జవాబు: 55 కిలోల మనిషికి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల పప్పులో 6 గ్రాములకు పైగా, పిడికెడు పల్లీల్లో 7 గ్రాములు ఉంటాయి. మిగతాది ధాన్యం నుంచే వస్తుంది. ధాన్యం, పప్పు కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

9. సెలవులకు ఇంటికి పోయినప్పుడు

ఈ పాఠానికి మార్కులు లేవు, ఇంటిపని మాత్రం ఉంది. ఈసారి సెలవుల్లో మూడు పనులు చేయండి.

ఒకటి, ఇంట్లో 30 దాటినవారందరినీ దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి పరీక్ష చేయించి, అంకెలు నోటుబుక్కులో రాయండి.

రెండు, గర్భంతో ఉన్న అక్కకో వదినకో అంగన్‌వాడీ గుడ్లు, పాలు, భోజనం అందుతున్నాయా అడగండి. వాటిని ఇంట్లో అందరూ పంచుకోకుండా ఆమే తినేటట్టు చూడండి. 29 ఊళ్ళ పాఠం అక్కడే మొదలవుతుంది.

మూడు, మన ఇండ్లలో అమ్మ అందరికీ పెట్టి చివర తింటుంది. అప్పటికి పప్పు అయిపోతుంది. ఆమె కంచంలో అన్నం, కారం, పచ్చి పులుసు మిగులుతాయి. వండగానే ఆమె వాటా పప్పు, కూర వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. ఆమెతో కూర్చుని తినండి. ఇందుకు డబ్బు ఖర్చు లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు.